దాచిన పేరు

ఇద్దరు మనవళ్లను మట్టిలో పెట్టిన ఎలిశబెతు, మూడోవాడు పుట్టి ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే వాణ్ని తీసుకెళ్లి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. పక్కింటి చిన్నపోలయ్య పెళ్లాం వాణ్ని ఎత్తుకొచ్చింది. చేటెడు తవుడు పోసి మనవణ్ని తిరిగి కొనుక్కుని, పెంటయ్య అని పేరు పెట్టింది ఎలిశబెతు. పారేసిన బిడ్డను చావు కూడా ముట్టదని పెద్దల మాట. ఆ ఇల్లు చర్చిలో చేరి మూడు తరాలైంది గానీ, భయం మాత్రం ఇంకా బాప్తిస్మం పుచ్చుకోలేదు.

కోడలు లిల్లీ పాస్టరు హెబ్రోనుగారిని అడిగి విక్టరు అనే పేరు ఎంచుకుంది.

"లాటిను మాటమ్మా. గెలిచినవాడని అర్థం," అన్నారాయన. "తొలినాటి విశ్వాసులు ప్రభువు మరణాన్ని గెలిచినాడని ఆ పేరు పెట్టుకునేవాళ్లు."

ఎలిశబెతు గబగబా ముందుకొచ్చింది. చావును గెలిచానని చాటింపు వేస్తే చావు ఊరుకుంటుందా?

"అయ్యగారూ, అయిదేళ్లు నిండనీండి. అందాకా ఆ మాట మా ఇంట్లో వినపడగూడదు."

లిల్లీ ఏడ్చి ఒప్పుకుంది. భయం ఆమెకూ ఉంది.

వాడు పాకాడు, నడిచాడు, వలల కుప్ప మీద నిద్రపోయాడు. ఎలిశబెతు వాడికి కొత్త గుడ్డ తొడగనివ్వలేదు, నలుగురిలో ముద్దు చేయలేదు. ఆమె ప్రాణమంతా వాడే.

మూడో ఏట వాడికి జ్వరం వచ్చింది.

"ఆసుపత్రికి పోదాం అత్తా," అంది లిల్లీ.

"పెంటోడికి ఆసుపత్రి ఎందుకు మే," అంది ఎలిశబెతు, చావుకు వినపడేంత గట్టిగా. పరుగులు పెడితే వాడెంత విలువైనవాడో దానికి తెలిసిపోతుందని ఆమె నమ్మకం. మూడో రోజు కొడుకు ఫ్రెడ్డీ సముద్రం మీద చేపల వేట నుంచి వచ్చి, బిడ్డను ఆటోలో వేసుకుని నెల్లూరుకు పరిగెత్తాడు. రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే బతికేవాడని డాక్టరమ్మ చెప్పింది.

పడవలకు పేర్లు రాసే కిషోర్ బాబు సమాధి దగ్గర కుంచె పట్టుకుని నిలబడ్డాడు.

"సిలవ మీద ఏం పేరు రాయాలక్కా?"

అతను అడిగింది లిల్లీని. ఎలిశబెతే నోరు విప్పింది.

"విక్టరు అని రాయి నాయనా. ఇంక ఎవురికి భయపడి దాచాల?"

అతను రాశాడు. చదువురాని ఎలిశబెతు ఆ తడి అక్షరాలను చాలాసేపు చూసింది.

"ఒక్కసారి పిలువు మే," అంది కోడలితో.

మూడేళ్లు మింగిన పేరును లిల్లీ గట్టిగా పిలిచింది. బతికుండగా వాడు ఆ పేరు ఒక్కసారి కూడా వినలేదు.