శెనిగ్గింజలు

శనివారం సాయంత్రం సిడ్నీ బ్లాక్‌టౌన్ స్టేషన్ వెనక వీధిలో స్టవ్‌లు వెలిగే వేళకి నీరజ కడుపు నకనకలాడుతూ ఉంటుంది. నలుగురి చేతా తినిపించడం ఆమె వృత్తి. శనివారం ఒక్కపొద్దు ఆమె మొక్కు. మధ్యాహ్నం ఒక్కపూట తిన్నదే ఆ రోజుకి తిండి. వీధి పొడుగునా బండి బండికీ జనాన్ని తిప్పి, వాసనల మధ్య కబుర్లు చెప్పి, చివరికి ఇంటికెళ్ళి దీపం పెట్టి ఇన్ని మంచినీళ్ళు తాగి పడుకుంటుంది.

"వడ్డించే మనిషి పస్తుంటే మాకు ముద్ద దిగొద్దటమ్మా?" అన్నాడు ఆ సాయంత్రం అతిథుల్లో ఒకడైన రామ్మోహన్.

"మీరు తినుండ్రి అంకుల్. మీరు తింటుంటే చూసి నేను కడుపు నింపుకుంట."

"అబ్బే, అట్లాంటి గైడ్‌ని నేనెక్కడా చూళ్ళేదు. ఈత రానివాడు ఈత నేర్పినట్టుంది."

అందరికన్నా గట్టిగా నవ్వింది ఆయన కూతురు లిఖిత. ఆ సాయంత్రమే ఆమె ఇచ్చిన కానుక. తెనాలి వదిలి కాన్‌బెర్రా చేరి, అక్కడే హారిసన్‌లో ఇల్లు కట్టుకున్న తండ్రికి పుట్టినరోజని సిడ్నీ తీసుకొచ్చింది. కానుక తండ్రికే అయినా ఆశ మాత్రం ఆమెది. ఇరవై రెండేళ్ళ పిల్ల, వీధిలో నిలబడి ఇంతవరకూ ఏదీ తినలేదు. పల్లీ పడదు. ఒక్క గింజ నోట్లో పడితే గొంతు మూసుకుపోతుంది. చిన్నప్పుడు ఒకసారి ఆసుపత్రి దాకా వెళ్ళొచ్చింది. అలాంటప్పుడు తొడకి పొడిచే ఇంజక్షన్ పెన్ ఎప్పుడూ ఆమె సంచీలో ఉంటుంది. అప్పట్నుంచీ రామ్మోహన్ ఆమెను ఏ బండి దగ్గరా ఆగనివ్వలేదు.

ముందే ఫోన్ చేసి ఈ సంగతంతా చెప్పింది లిఖిత. "ఒక్క పల్లీ గింజ కూడా నీ దాకా రానియ్య. నాది పూచీ" అని మాటిచ్చింది నీరజ.

ఆ మాట నిలబెట్టుకోవడం తనకు చేతనవుననే నమ్మింది. ఈ పని ఆమె నేర్చుకున్నది మెక్సికోలో. బ్యాంకు ఉద్యోగంలో విసిగి, సెలవు పెట్టి ప్యూబ్లా అనే ఊరికి వెళ్ళినప్పుడు, రెబెకా అనే గైడ్ వెంట ఒక సాయంత్రం వీధుల్లో తిరుగుతూ తిన్నది. తిరిగొచ్చి ఉద్యోగం మానేసి, అదే పద్ధతి సిడ్నీలో మొదలుపెట్టింది. రెబెకా చేతిలో ఉండే ఎర్ర గొడుగు లాంటిదే తనూ కొన్నది. రెబెకా వేసే జోకులు కూడా కొన్ని తెచ్చుకుంది. ఒక్కటి మాత్రం అక్కడే వదిలేసింది. రెబెకా ప్రతి బండి దగ్గరా అమ్మేవాళ్ళని అడిగి, కూరలో వేసిన దినుసు పచ్చిది చేతిలో పెట్టించుకునేది. అందరికీ చూపించేది. మొదటి ముక్క తను తిన్నాకే అతిథులకు ఇచ్చేది. "ఇక్కడ ఒకే మిరపకాయకి ఊరికో పేరు. రెండు వేరు వేరు మిరపకాయలకి ఒకటే పేరు. నేను పేరు నమ్మను, గింజని నమ్ముతాను" అనేది.

ఇదంతా టూరిస్టుల కోసం ఆడే నాటకమనుకుంది నీరజ. అయినా లెబనీస్ బండి దగ్గర, మలేషియా బండి దగ్గర పొట్లాలు తిప్పి చదివేది. భాష రాదు కాబట్టి. తెలుగు బండి దగ్గర మాత్రం ఆ అవసరం కనపడలేదు. మనవాళ్ళే. మన మాటే.

వీధి మలుపులో ఉన్న ఆ తెలుగు బండి చలపతిది. అనంతపురం అబ్బాయి. అతని తల్లి సత్యభామ ఆ మధ్యే వచ్చి, వచ్చిన వారానికే వంట చేతిలోకి తీసుకుంది. నానబెట్టిన బొరుగులను పోపులో వేసి చేసే ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ. ఆ జోడీ కోసం తెలుగువాళ్ళు దూరాల నుంచి వచ్చేవారు. ఆ సాయంత్రం గ్యాస్ అయిపోతోందని సిలిండర్ తేవడానికి వెళ్ళాడు చలపతి. సత్యభామ ఒక్కతే ఉంది. ఆమెకు ఇంగ్లీషు రాదు.

"ఈసారి బజ్జీలు లావున్నయేంది ఆంటీ?" అడిగింది నీరజ.

"లోపల ఊర్మిండి కూరినా మ్మా. ఉత్త మిరపకాయ తింటే ఈ తెల్లోళ్ళకి కండ్లల్లో నీళ్ళు గారుతాండాయి."

ఊర్మిండంటే నూరిన చట్నీ అని నీరజకు తెలుసు. చెయ్యి అడ్డం పెట్టి జనాన్ని ఆపింది. 'పల్లీలున్నాయా' అని మాత్రం అడగలేదు. అలా అడిగితే అమ్మేవాళ్ళు మనకు కావలసిన జవాబే చెప్తారని ఆమెకు అనుభవం. అంతకన్నా తెలివైన ప్రశ్న వేసింది.

"ఊర్మిండిల ఏమేమేసిన్రు?"

"ఏముంది? శెనిగ్గింజలు ఏంచి, తెల్లగడ్డ, ఎండుమిరపకాయ, రవ్వంత చింతపండు ఏసి నూరినా."

తెల్లగడ్డంటే వెల్లుల్లి. ఆ సంగతి తనకు తెలిసినందుకు నీరజకు లోలోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది. వాళ్ళ కరీంనగర్‌లో అది ఎల్లిగడ్డ. మిగతా మాటల్లో తెలియనిది ఏముంది? శెనగలు, మిరపకాయ, చింతపండు.

"చిక్‌పీస్, గార్లిక్, చిల్లీ, ట్యామరిండ్" అని అందరికీ చెప్పి, లిఖిత వైపు తిరిగి బొటనవేలు పైకెత్తింది. "శెనగలే. నో వరీస్."

"యూ ష్యూర్?" అంటూ లిఖిత తండ్రిని చూసింది. ఆమెకు తెలుగు అర్థమవుతుంది. మాట్లాడటం మాత్రం అంతా ఇంగ్లీషే.

రామ్మోహన్ కూడా చెవులు రిక్కించి విన్నాడు. కూతురి తిండి విషయంలో ఆయన ఎవర్నీ నమ్మడు. కానీ విన్నది తెలుగు.

"శెనగలంటే పుట్నాలే అయ్యుంటాయి. మనింట్లో కారప్పొడిలో వేసుకుంటాంగా. తిను తల్లీ. నే వెళ్ళి ఆ జిలేబీ కట్టించుకొస్తా, అయిపోతున్నట్టుంది" అని భుజానున్న కూతురి చేతిసంచీతోనే జిలేబీ బండి వైపు నడిచాడు.

లిఖిత బజ్జీ కొరికింది. కళ్ళు మూసుకుంది. "ఓ మై గాడ్. దిస్ ఈజ్ సో గుడ్" అని ఇంకోసారి కొరికింది.

బ్రిస్బేన్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన వేళ్ళు నాకుతూ, "మా ఇంటి దగ్గర థాయ్ కొట్లో సాటే ఉంటుంది. అచ్చం అదే రుచి" అన్నాడు.

సాటే.

నీరజ చేతిలోని గొడుగు జారి కింద పడింది. సాటే పులుసంటే పల్లీల పులుసు. సిడ్నీలో చిన్నపిల్లలకైనా తెలిసిన సంగతది. ఒక్క అంగలో బండి దగ్గరికి వెళ్ళి, సత్యభామ ముందున్న గిన్నెలో వేలు పెట్టి నాలిక మీద రాసుకుంది. ఒక్కపొద్దు గుర్తు రాలేదు. పల్లీ చట్నీ. వాళ్ళమ్మ ప్రతి ఆదివారం దోసెల్లోకి చేసే పల్లీ చట్నీ.

"లిఖితా! ఉమ్మేయ్! ఉమ్మేయ్!"

లిఖిత చేతిలో ముచ్చిక ఒక్కటే మిగిలింది. ఆమె పెదవి తడుముకుంటోంది. గొంతు సవరించుకుంది, మళ్ళీ సవరించుకుంది. మెడ మీద ఎర్రటి దద్దుర్లు లేస్తున్నాయి.

"మై పెన్..." అంది. గొంతు అప్పటికే బొంగురుపోయింది. "డాడ్ హ్యాజ్ మై బ్యాగ్."

ఆమె తండ్రి వెళ్ళిన వైపు అడుగు వేయబోతుంటే బ్రిస్బేన్ పెద్దాయన భుజాలు పట్టి ఆపాడు. "పడుకోబెట్టండి. లేవనివ్వద్దు" అని ఆయనతో చెప్పి, ఆయన భార్యను అంబులెన్స్‌కి ఫోన్ చేయమని నీరజ పరుగు తీసింది.

జిలేబీ బండి ముందు వరస చాంతాడంత ఉంది. అందులో రామ్మోహన్ లేడు. టీ బండి దగ్గరా లేడు. "అంకుల్! రామ్మోహన్ అంకుల్!" అని అరుస్తూ జనాన్ని తోసుకుంటూ పోయింది. ఎవరి చేతిలోదో గ్లాసు ఒలికింది. ఎవరో తిట్టారు. బండ్ల వెనక సందులో, చేతికంటిన పాకం కుళాయి కింద కడుక్కుంటూ కనిపించాడాయన. భుజాన సంచీ. వెనక్కి తిరిగి ఆమె ముఖం చూడగానే జిలేబీ పొట్లం వదిలేశాడు.

సంచీ బోర్లించింది నీరజ. తాళాలు, దువ్వెన, పసుపు గొట్టం. గొట్టం పట్టుకుని మళ్ళీ పరుగు.

నీలం వైపు పైకి, నారింజ వైపు తొడకి. ఈ పని మొదలుపెట్టినప్పుడు నేర్చుకున్నదే. బొమ్మ మీద తప్ప మనిషి మీద ఎప్పుడూ వాడలేదు. నీలం మూత లాగి, లిఖిత జీన్స్ మీదనే తొడకి ఆనించి, టక్కుమనేదాకా నొక్కి పట్టుకుంది. లిఖిత కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. లోపలికి పోయే గాలి ఈలలాగా వినపడుతోంది. రామ్మోహన్ కూతురి కాళ్ళ దగ్గర కూలబడి, ఆమె పాదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, "అమ్మలూ, అమ్మలూ" అంటున్నాడు.

సైరన్ వినిపించేసరికి ఈల కొంచెం పల్చబడింది. అంబులెన్స్‌లో వచ్చిన స్త్రీ రెండో ఇంజక్షన్ ఇచ్చింది, ముక్కుకి ఆక్సిజన్ పెట్టింది. ఆమెతో వచ్చినతను స్ట్రెచర్ సర్దుతూ అడిగాడు, "ఏం తిన్నది? అందులో పల్లీలున్నాయని ముందు ఎవరూ చెప్పలేదా?"

రామ్మోహన్ లేచాడు. వేలు సత్యభామ వైపు చూపించాడు.

"అడిగాం! అడిగితే శెనగలంది! నా పిల్లని చంపేసేదానివి కదే! అంత వయసొచ్చింది, నోటికొచ్చిన అబద్ధం చెప్తావా?"

సత్యభామ చేతిలో జల్లిగరిటె అలాగే ఉండిపోయింది. నూనె మాడి పొగలేస్తోంది. "నేను అబద్దం జెప్పలేదు సామీ. శెనిగ్గింజలనే అంటి. ఇదో సూడు" అని బల్ల కింద నుంచి డబ్బా లాగి మూత తీసింది. డబ్బా నిండా ఎర్రపొట్టు పల్లీలు. "శెనగలైతే శెనగలంటాం. పప్పుబద్దలైతే శెనగబ్యాళ్ళంటాం. శెనక్కాయ వొలిస్తే వచ్చేటివి శెనిగ్గింజలు గాక ఇంకేమంటారు?"

అంబులెన్స్ అతను నీరజ వైపు చూశాడు. "ఆమె ఏమంటోంది?"

ఆ క్షణాన ఆ వీధిలో సత్యభామకున్న నోరు నీరజ ఒక్కతే. చలపతి ఇంకా రాలేదు. రామ్మోహన్ తను విన్నదే నిజమని నమ్ముతున్నాడు. ఆమె శెనగలనే చెప్పిందని ఒక్క ముక్క అనువదిస్తే చాలు. అందులో సగం నిజమే ఉంది కూడా. నీరజ తెచ్చుకున్న పేరు, ఎర్ర గొడుగు, లిఖితకిచ్చిన మాట, అన్నీ ఆ సగం నిజంలో దాక్కోగలవు. స్ట్రెచర్ మీద నుంచి లిఖిత తల కొంచెం పక్కకి తిప్పి చూస్తోంది.

"పల్లీలనే చెప్పింది" అంది నీరజ ఇంగ్లీషులో. "వాళ్ళ ఊరి మాటలో చెప్పింది. నాకర్థమైందనుకున్నా. శెనగలని చెప్పింది నేను. రుచి చూడకుండా ఇచ్చింది కూడా నేనే."

అదే మాట రామ్మోహన్‌కి తెలుగులోనూ చెప్పింది. ఆయన ఆమెను కొట్టేలా చూశాడు. తర్వాత అంబులెన్స్ ఎక్కి కూర్చున్నాడు. తలుపులు మూసుకున్నాయి.

ఆ రాత్రంతా లిఖితను ఆసుపత్రిలోనే ఉంచి గమనించారు. ప్రాణానికి భయం లేదని పొద్దున్నే మెసేజ్ పెట్టింది ఆమే. కింద ఇంకో వాక్యం. 'ఆ మాట నేనూ విన్నాను. నాకు తెలుగు వచ్చనుకున్నాను.'

రామ్మోహన్ ఫోన్ కాన్‌బెర్రా చేరాక వచ్చింది.

"నీ మీద కోపం పోయిందని చెప్పలేనమ్మా. నా మీదా పోలేదు. నేనూ తినమన్నానుగా. ఆ పెద్దావిణ్ణి నోటికొచ్చినట్టు అన్నాను. ఆవిడకి చెప్పు. ఏమని చెప్పాలో నాకే తెలీదు. నువ్వే చెప్పు."

కౌన్సిల్ వాళ్ళు విచారణ ముగిసేదాకా బండి తీయొద్దన్నారు. నీరజ కూడా టూర్లు ఆపేసింది. మరుసటి శనివారం చలపతి ఇంటికి వెళ్ళింది. తలుపు తీసిన చలపతి పక్కకి తప్పుకున్నాడు. వంటింట్లో సత్యభామ పల్లీల డబ్బా ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. వంట చేస్తున్నట్టు లేదు.

"ఆ పాప ఎట్లుంది మ్మా?"

"బాగున్నది ఆంటీ. కాలేజీకి పోతున్నది."

సత్యభామ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. రామ్మోహన్ మాట నీరజ అలాగే చెప్పింది, తడబాటుతో సహా. సత్యభామ విని, "కన్నోడు. అంటాడు" అంది అంతే.

నీరజ ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని అరచెయ్యి చాపింది.

"ఒక్కొక్క దినుసు చేతిలెయ్యుండ్రి ఆంటీ. మీరేమంటరో చెప్పుండ్రి. నేను తిని చూస్త."

"శనివారం గదా? నీకు ఒక్కపొద్దని మావోడు జెప్పె."

"మొక్కు గురువారానికి మార్చుకున్న."

సత్యభామ ఆమె ముఖంలోకి చూసి, డబ్బాలో చెయ్యి పెట్టి నాలుగు గింజలు తీసి ఆ అరచేతిలో వేసింది.

"ఇవి శెనిగ్గింజలు" అంది, పసిపిల్లకు చెప్పినట్టు.

"మా దిక్కు పల్లీలు" అంది నీరజ. ఒకటి నోట్లో వేసుకుని మెల్లగా నమిలింది. మింగడానికి చాలాసేపు పట్టింది.