సంతకం కింద చుక్క

పంజాగుట్టలోని గులాబ్‌బాగ్ సర్కారు దవాఖానలో రూతమ్మ ముప్పై రెండేళ్లుగా నర్సు, ఆరేళ్లుగా మగవాళ్ల వార్డుకు హెడ్ నర్సు. ఇంకో నాలుగు నెలల్లో రిటైర్మెంట్. ఇన్నేళ్లలో తన మీద ఒక్క మెమో లేదని అమీర్‌పేటలో కూరగాయలమ్మే ఆవిడకు కూడా చెప్పుకుని మురిసిపోయేది.

ఆ మంచిపేరు వెనక ఒక దొంగపని ఉంది. ఉన్నమాట చెప్పుకోవాలి కదా! నర్సులు సెలవు అడిగితే, బదులు మనిషి లేదంటూ ఆఫీసు ఇవ్వదు. పిల్లకు జ్వరమొస్తే తల్లి ఏం చేస్తుంది? రాదు. అప్పుడు డ్యూటీలో ఉన్నవాళ్లే హాజరు రిజిస్టర్‌లో ఆమె సంతకం కూడా పెట్టేసి, దాని కింద చిన్న చుక్క పెడతారు. రాని మనిషి ఒక డ్యూటీ బాకీ ఉందని గుర్తు. రోజూ పేజీ చివర హెడ్ నర్సు సంతకం. అంటే రూతమ్మది.

ఈ ఏడు కొత్త జీవో వచ్చింది. పదిమంది రోగులకు ఒక నర్సు ఉండాలట. తక్కువైన చోట కొత్త పోస్టులిస్తారు, వాటిల్లో ముందు కాంట్రాక్టు నర్సులనే తీసుకుంటారు, కానీ నలభై ఆరేళ్లు దాటకూడదు. ఆ వార్డులోనే పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీద చేస్తున్న ఒలీవియాకు వచ్చే నెలతో నలభై ఆరు నిండుతాయి.

లెక్క చూడడానికి సచివాలయం నుంచి వీర్రాజు గారనే అధికారి వచ్చాడు. రిజిస్టర్ తిరగేశాడు.

"నలభై బెడ్లు. ప్రతి షిఫ్టుకీ నలుగురు నర్సులు. సరిగ్గా సరిపోయారు కదండీ! ఇంక కొత్త పోస్టులెందుకు?"

అవతల సెలైన్ మారుస్తున్న ఒలీవియా చేయి ఆగిపోయింది. రూతమ్మ ఆమె వైపు చూసింది. నోరు మూసుకుంటే నాలుగు నెలల్లో శాలువా కప్పి పంపిస్తారు. తెరిస్తే ముప్పై రెండేళ్ల పేరు మట్టిలో కలుస్తుంది.

"నలుగురు లేరు సార్," అంది. "ఇద్దరే. సంతకాల కింద చుక్కలు చూడుర్రి."

"ఇంకు మరకలనుకున్నానే!" వీర్రాజు గారు కళ్లద్దాలు సర్దుకుని లెక్కపెట్టాడు. ఒక్క నెలలోనే నూట డెబ్బై మూడు చుక్కలు. ఆయన గొంతు తగ్గించాడు. "తెలిసే కింద సంతకం పెట్టారా? రాసిస్తే మీమీద చర్య తప్పదమ్మా. రిటైర్మెంట్ ముందు ఎందుకండీ ఇదంతా? ఆలోచించుకోండి."

ఒలీవియా పరుగున వచ్చింది. "ఒద్దక్కా! నా కోసం నువ్వు ఆగం కాకు."

"నీ ఒక్కదాని కోసమనుకున్నవా?" రూతమ్మ కసిరింది. ఆ కోపమంతా తన మీద తనకే. "మొన్న పదిహేడో బెడ్డు పెద్దాయన నీళ్లడిగి అడిగి, ఎవ్వరం రాకపోతే తనే లేవబోయి పడ్డడు. తుంటి ఇరిగింది. గా దినం సుత రిజిస్టర్ల నలుగురమే ఉన్నం. కింద నా సంతకమే ఉన్నది."

రూతమ్మ తెల్లకాగితం అడిగి తీసుకుని, నిలబడే రాసిచ్చింది.

మూడు వారాలకు ఆఫీసు నుంచి రెండు కవర్లొచ్చాయి. ఒలీవియాకు ఉద్యోగం ఆర్డరు. రూతమ్మకు మెమో: తప్పుడు రికార్డులు నిర్వహించినందుకు విచారణ, అది తేలేదాకా పెన్షన్ ఆపుతారు. ఒలీవియా ఆనందంతో ఏడుస్తుంటే రూతమ్మ తన కవరు సంచిలో అడుక్కి తోసేసింది. బాధ లేదంటే అబద్ధం.

మర్నాడు పొద్దున్నే ఒలీవియా రిజిస్టర్ తెరిచింది.

"అక్కా, హైమవతి రాలే. పిల్లకు జ్వరమట. కొత్తోళ్లు జాయిన్ అయ్యేదాంక మనకు తిప్పలే. సంతకం పెట్టి చుక్క పెట్టాల్నా?"

"ఒద్దు. ఖాళీగ ఉంచు."

"ఆఫీసోళ్లు అడుగుతరు, ఎవ్వరూ లేరేందని."

"అడగనీ. గిన్నేండ్లు మనం అడగనియ్యలే."

ఒలీవియా కలం పక్కన పెట్టింది. ఖాళీ గడి ఉన్న ఆ పేజీ కింద రూతమ్మ తన పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది. తర్వాత నీళ్ల జగ్గు పట్టుకుని పదిహేడో బెడ్డు వైపు నడిచింది.