తెల్లబుగ్గల పిట్ట ఉత్తరాల డబ్బా

ఊళ్ళో ఎవరి తాళం మొరాయించినా కబురు ఆ ఇంటికే వచ్చేది. అలాంటి ఇంట్లో సొంత ఉత్తరాల డబ్బా ముందు తండ్రీకూతుళ్ళు తలలు పట్టుకుని కూర్చున్నారు.

"ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్లో పడ్డట్టుంది మీ సంగతి," అంది నాయనమ్మ కిటికీ పక్క కుర్చీలోంచి.

తాళంతో పేచీ లేదు. తాళంచెవి మేకుకే వేలాడుతోంది. చలి తగ్గగానే తెల్లబుగ్గల పిట్టల జంట ఒకటి ఉత్తరాలు వేసే సందులోంచి దూరి, నాచూ ఊలుపోగులూ పరిచి, గుడ్లు పొదిగి ఐదు పిల్లల్ని చేసింది. గూడు తలుపుకే ఆనుకుని ఉంది. తలుపు తీస్తే సంసారమంతా నేలపాలు. అందుకే తండ్రి, ఊరందరికీ తాళాలాయన, గేటుకి కొత్త డబ్బా తగిలించాడు. అంతా బాగానే ఉంది గానీ, ముచ్చటపడి ఇత్తడితో చేసుకున్న ఇంటి నంబరు మాత్రం పాత డబ్బా మీదే వదిలేశాడు. ఎప్పుడూ వచ్చే పోస్ట్‌మాన్ సెలవు పెడితే, బదులు వచ్చినావిడ నంబరు చూసి ఉత్తరం పాతదాంట్లో వేసి వెళ్ళిపోయింది.

టార్చి వేసి చూస్తే కవరు గూటికీ వెనక రేకుకీ మధ్య నిలువుగా జారి ఉంది. దాని మీద పరీక్షల బోర్డు ముద్ర. వీధంతా చిన్నమేస్త్రి అని పిలిచే కూతురు రెండేళ్ళుగా ఎదురుచూస్తున్న ఉత్తరం అది. తాళాల పనికి సొంత లైసెన్సు ఇచ్చే పరీక్ష సోమవారం. ఉత్తరం చూపించందే లోపలికి రానివ్వరు, మళ్ళీ పిలుపు రావాలంటే ఇంకో రెండేళ్ళు. అప్పటికి బుధవారం.

పొద్దున తండ్రి సందులోంచి తీగ పెట్టి లాగబోతే తల్లిపిట్ట గోలగోల చేసి, అరగంట దాకా గూటికి రాలేదు. లోపల పిల్లలు ఆకలికి అరుస్తుంటే ఇద్దరికీ ముద్ద దిగలేదు.

"అడుగురేకు కోస్తే ఉత్తరం కిందికి జారుతుంది," అన్నాడు తాళాలాయన. "కానీ రేకు అదరకూడదు. నా చెయ్యి ఈమధ్య వణుకుతోందమ్మా."

"నేను కోస్తాను."

ఆయన లోపలికి వెళ్ళి, గుడ్డలో చుట్టిన, ఇనుము అరగదీసే సన్న ఆకురాయి తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు. ముప్పై ఏళ్ళలో దాన్ని ఇంకొకరు ముట్టుకోలేదు.

చిన్నమేస్త్రి వెంటనే పని మొదలుపెట్టలేదు. గంటసేపు గడ్డిలో కూర్చుని పిట్టల రాకపోకలు చూసింది. రెండూ ఒకేసారి బయట ఉండేది మూడు నాలుగు నిమిషాలే. ఆ కాస్తలోనే పని. ఏదో ఒకటి గొంగళిపురుగుతో తిరిగొచ్చేసరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చోవాలి. కాపలా నాయనమ్మది.

"వెళ్ళాయి," అనేది. ఆకురాయి కదిలేది.

"వస్తోంది." ఆగేది.

"మీ నాన్న పెళ్ళికి కూడా ఇన్ని ఘడియలు చూడలేదే," అని మధ్యలో ఒకసారి నిట్టూర్చింది కూడా.

గురువారమంతా అలాగే గడిచింది. పిల్లల గొంతులు పూటపూటకీ పెరుగుతున్నాయి. ఆకురాయి కదిలినా వాటి నిద్ర చెడటం లేదని తెలిసినప్పుడల్లా చిన్నమేస్త్రికి ధైర్యం ఇంకాస్త పెరిగింది. శుక్రవారం సాయంత్రం అడుగున జానెడు చీలికలోంచి ఉత్తరం ఆమె ఒళ్ళోకి జారింది. గూడు గడ్డిపోచంతైనా కదల్లేదు.

ఉత్తరంలో ఇంకో మెలిక ఉంది. సొంత చేత్తో చేసిన వస్తువు ఒకటి వెంట తేవాలట. ఇన్నాళ్ళూ ఆమె చేసినవన్నీ మరమ్మతులే.

"నేను చేసిన పెట్టె తాళం పట్టుకెళ్ళు," అన్నాడు తండ్రి. "ఎవరికి తెలుస్తుంది?"

"నీకు తెలుస్తుంది నాన్నా."

ఆదివారం పొద్దున్నే పిల్లలు ఒక్కొక్కటే సందులోంచి తల పెట్టి, కంచె మీదికి ఎగిరాయి. ఐదోది మాత్రం మధ్యాహ్నం దాకా బతిమాలించుకుంది. అది కూడా వెళ్ళాక చిన్నమేస్త్రి డబ్బాని స్తంభం మీంచి విప్పింది.

సోమవారం పరీక్షాధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పాత డబ్బా ఇది. ఇందులో నీ పనేది?"

ఆమె అడుగు చూపించింది. ఆయన చీలిక వెంట వేలు పోనిచ్చాడు. ఎక్కడా గరుకు తగల్లేదు.

"బాగుంది. ఇంతమాత్రం దానికి ఎన్నాళ్ళు పట్టింది?"

"మూడు రోజులండి."

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు.

"పైన ఐదుగురు చంటిపిల్లలు పడుకున్నారండి," అంది చిన్నమేస్త్రి, గూడు జారకుండా డబ్బాని వెనక్కి వాల్చి తలుపు తీసి చూపిస్తూ. "వాళ్ళు లేవకుండా కోశాను."

పరీక్షాధికారి లోపలికి తొంగి చూశాడు. గూడు పోగు చెదరకుండా ఉంది, మధ్యలో ఐదు పిల్లలు ఒదిగిన గుంట. ఆయన మిగతా ఇద్దరు అధికారుల్నీ పిలిచి చూపించాడు. సంతకం పెట్టే ముందు, గూడు ఖాళీదే అయినా, డబ్బా తలుపు చప్పుడు కాకుండా మూశాడు.