లసుమవ్వ దాచుకున్న బాధ

ఉడికిన పసుపు కొమ్ములను కడాయిలోంచి తట్టకెత్తి, కళ్లం దాకా మోసి పరిచే పని లసుమవ్వది. పొయ్యి ఎగదోసే పని ఆమె పెనిమిటి భూమన్నది. అది బీడీ కాలుస్తూ కూర్చుని చేసుకునే పని. తట్ట ఎత్తే ముందు లసుమవ్వ తొడలు రెండూ దగ్గరికి నొక్కి, ఊపిరి బిగబట్టి, అప్పుడు లేస్తుంది. ఆర్మూరులో ఇన్నేళ్లుగా ఆమె అట్లాగే లేస్తోంది కనుక ఇంట్లో ఎవరికీ అది వింతగా కనిపించదు.

బిడ్డ గంగమణిని కన్నప్పుడు, పురుడు వెళ్లకముందే అత్త వెంకవ్వ ఆమెను పసుపు కాడికి తోలింది. "నేను పొద్దుగాల కని మాపటికి కోతకు పోయిన. నీదేమన్న బంగారు కడుపా?" అన్నది. ఆ రోజుల్లోనే తట్ట ఎత్తుతుంటే లోపలిదేదో కిందికి దిగింది. మక్కచేను చాటున కూర్చుని తడిమి చూసుకుంటే మెత్తటి గడ్డ. చచ్చిపోతానేమో అనుకుంది. చావలేదు. దాన్ని లోపలికి నెట్టుకుని, పాత చీర పేలిక కట్టుకుని, మళ్లీ తట్ట ఎత్తుకుంది. అత్తకు చెప్తే, "గర్భసంచి జారింది. కన్న ఆడిదానికి అయితది. మొగోళ్ల చెవిన పడనియ్యకు," అన్నది.

మొగుడికి చెప్పకుండానే ఏదో తెలిసింది. "గీ వాసనేంది? కడుక్కోవా?" అని లేచిపోయి, అప్పట్నుంచి అరుగు మీద పడుకోవడం మొదలుపెట్టాడు. అందుకు ఏడవాలో, ఊపిరి పీల్చుకోవాలో ఆమెకు చాలాకాలం తెలియలేదు. దగ్గితే ఉచ్చ జారేది. గొంతుక్కూర్చుంటే గడ్డ బయటికి వచ్చేది. అందుకే పెళ్లిళ్లలో బంతిలో కూర్చోకుండా వడ్డనకు నిలబడేది. పనిమంతురాలని పేరొచ్చింది.

తొంభై ఒకటిలో గంగమణి తొలిచూలుకు తల్లిగారింటికి వచ్చింది. మంత్రసాని చేతుల మీద రెండు దినాలు నొప్పులు పడి కొడుకును కన్నది. పసుపు ఉడికే రోజులు, కూలోళ్లు సరిపడా దొరకడం లేదు. "ఉత్తగ కూసుంటే ఒళ్లు బరువైతది. దాన్ని గూడ నాలుగు తట్టలు మొయ్యుమను," అన్నాడు భూమన్న. లసుమవ్వ వద్దనలేదు.

కడాయి కాడ గంగమణి తట్ట ముందు వంగింది. తొడలు దగ్గరికి నొక్కింది. ఊపిరి బిగబట్టింది.

లసుమవ్వ పోయి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎప్పటిసంది బిడ్డా?"

"కాన్పైనకాడి సంది."

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు గూడ గట్లనే లేస్తవు గదవ్వా. ఆడోళ్లందరికి గిట్లనే ఉంటదనుకున్న."

అత్త మీద, మొగుడి మీద ఇన్నేళ్లు లోలోపల కాగిన కోపమంతా తన మీదికే తిరిగింది లసుమవ్వకు. సిగ్గని నోరు మూసుకుని తను బతికిన బతుకును చూసే బిడ్డ నేర్చుకుంది. ఆమె గంగమణి చేత తట్ట వదిలించి, పసిగుడ్డును చంకనేసుకుంది. "నడువు, నిజామాబాద్ పోదాం."

"గిప్పుడా? కడాయి దించాలె. ఏమైందట?" అన్నాడు భూమన్న.

"గర్భసంచి జారింది. నాకు దీన్ని కన్నప్పుడు జారింది. దీనికి గిప్పుడు."

కూలోళ్లు ముఖాలు తిప్పుకున్నారు. "నలుగుర్ల గిదేం మాట?" అని గొణిగాడు భూమన్న.

"ఇంట్ల చెప్తే ఎవలు ఇన్నరు?" అని ఆమె రోడ్డు వైపు నడిచింది.

దవాఖానలో డాక్టరమ్మ గంగమణిని చూసి, "కొంచెమే జారింది. కొన్ని నెలలు బరువులెత్తొద్దు. కింది కండరాలు బిగబట్టి వదిలే వ్యాయామం నేర్పిస్త. కావాలంటే లోపల రింగు పెట్టి ఆపుదాం," అన్నది. తర్వాత గోడకానుకుని నిలబడ్డ లసుమవ్వను చూసి బల్ల ఎక్కమన్నది.

చూసినాక డాక్టరమ్మ చేతులు కడుక్కుంది. "మొత్తం బయటికే వచ్చింది. బట్ట రాసి రాసి పుండైంది. దీనికి రింగు నిలవదమ్మా. పుండు మానినాక ఆపరేషన్ చేసి సంచి తియ్యాలె. అప్పుడే వచ్చి ఉంటే నీకు గూడ గింత దాక రాకపోతుండె."

పోయిన ఏళ్లకు అప్పుడు ఏడ్చింది లసుమవ్వ. ఆ బల్ల మీదనే, చీర కుచ్చెళ్లు సరిచేసుకోవడం కూడా మరచి.

"పసుపు పనులైనాక వస్తవా?" అని అడిగింది డాక్టరమ్మ. ఆర్మూరు దిక్కు ఆడవాళ్లంతా అదే అంటారు.

"లేదమ్మా. గీడనే ఉంట."

గంగమణి దగ్గరికి వచ్చి మెల్లగా అన్నది. "అవ్వా, తట్టలన్ని అట్లనే ఉన్నయి. నాయిన ఒక్కడే అయితడు గదా?"

లసుమవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మీ నాయినకు జారనీకి ఏం లేదు బిడ్డా. మోసుకోనియ్యి."