సుంకమ్మ భుజంలో ఉక్కు

నేను ఒక ఉక్కు పట్టీని. వేలెడు పొడవు, పైన కాస్త వెడల్పు, ఒళ్లంతా రంధ్రాలు. విరిగిన చేతి ఎముకను కలిపి ఉంచడానికి నన్ను చేశారు. కోశారు, రుద్దారు, అద్దంలా మెరిపించారు. కండ కింద చీకట్లో ఉండేదానికి అంత మెరుగెందుకో నాకు తెలియదు.

నేను చేరింది సుంకమ్మ కుడిచేతిలోకి. పరాయి జొన్నచేలో పడబోయిన గేదెను ఆమె పలుపు పట్టి లాగింది. గేదె ఎదురు లాగింది. ఆమె పడింది, భుజం దగ్గర ఎముక ముక్కలైంది. ఆమె భర్త మద్దిలేటి పరుగెత్తుకొచ్చి ముందు గేదె కాళ్లు తడిమి చూశాడు.

ఆపరేషన్ బల్ల మీద డాక్టరు ఎముకకు రంధ్రం వేస్తే, తవుట్లో పుల్ల గుచ్చినట్టు దిగిపోయింది.

"ఎముకనా ఇది? చెదలు తిన్న దూలం," అన్నాడు.

ఇట్లాంటి ఎముకల కోసమే నా రంధ్రాలకు మరలు కోశారు. స్క్రూ తల నాలో బిగుసుకుంటుంది. ఎముక పట్టు వదిలినా నేను వదలను. అది నా గొప్ప అనుకునేదాన్ని.

ఇంటికి పోయే రోజు సుంకమ్మ డాక్టరును అడిగింది ఒక్కటే.

"నా కొప్పు నేనే ముడుసుకోవల్ల సారూ. అంతమటుకు సెయ్యి లేస్తే సాలు."

"లేస్తుందమ్మా. మూడు నెలలు ఆ చేత్తో బరువు మాత్రం ఎత్తొద్దు."

మద్దిలేటి ఆ మాట బాగా గుర్తు పెట్టుకున్నాడు.

ఇంట్లో గేదె ఎవరు కూర్చున్నా తన్నుతోంది. సుంకమ్మ చేతికి తప్ప పాలు చేపదు.

"పొదుగు రాయైపాయ. పా, పిండు," అన్నాడు మద్దిలేటి.

"డాక్టరు సెప్పలేదా?"

"బరువు ఎత్తొద్దన్యాడు. పాలు పిండొద్దన్యాడా? సెంబు నేను మోస్తా పా."

మోశాడు. ఖాళీ చెంబూ తనే మోశాడు, నిండిన చెంబూ తనే మోశాడు. పెళ్లాన్ని ఇట్లా చూసుకునేవాడు ఊళ్లో లేడని చూసినవాళ్లు మెచ్చుకున్నారు.

"సేపమ్మా, సేపు," అని సుంకమ్మ పళ్ల బిగువున గేదెను బతిమాలేది. గుప్పిట బిగిసినప్పుడల్లా భుజం కండ ఎముకను లాగేది. ఎముక పిండిలా రాలి కుంగింది. నేను కుంగలేదు. ఉక్కుకు ఆ విద్య రాదు. నేను వదలని స్క్రూల మొనలు ఎముకను చీల్చుకుని కీలులోకి వచ్చాయి. ఆపైన ఆమె చెయ్యి కదిపినప్పుడల్లా కీలును గీకాయి. కాపాడటానికి చేసిన వస్తువు ఎంత నమ్మకంగా కోస్తుందో నాకు అప్పుడు తెలిసింది.

డాక్టరు మళ్లీ కోసి నన్ను తీశాడు. "ఏం పని చేయించావయ్యా?" అని మద్దిలేటిని అడిగాడు.

"శేరు బరువు ఎత్తనియ్యలా సారూ," అన్నాడు మద్దిలేటి, ఛాతీ విరుచుకుని.

నన్ను కడిగి మద్దిలేటి చేతికే ఇచ్చారు. సుంకమ్మ చెయ్యి ఆ తర్వాత రొమ్ము దాటి పైకి లేవలేదు. తల దువ్వుకోలేక జడలు కట్టిన జుట్టుతో వాకిట్లో కూర్చుంటే, మద్దిలేటి ఒక ఉపాయం చెప్పాడు.

"ఎనుము ఎండిపోకుంటే నీ తలనీలాలిప్పిస్తానని మొక్కినా. ఎట్లాగూ కొప్పు పెట్టుకోల్యావు. ఇద్దరికీ సులువు."

గేదె కోసం ఆమె గుండు చేయించుకుని వచ్చింది. ఆడవాళ్లు మొక్కు తీరినందుకు దండం పెట్టారు.

గేదె మెడలో గంటకు నాలుక ఊడి చాలా కాలమైంది. ఇంత మంచి ఇనుము పారేస్తారా అని మద్దిలేటి నా రంధ్రంలో పురికొస దూర్చి గంటలో వేలాడదీశాడు. బాగా మోగాను. ఆయన అరుగు దిగకుండానే గేదె ఎక్కడుందో చెప్పేదాన్ని.

నిన్న పొద్దుగూకే వేళ సుంకమ్మ కొట్టంలోకి వచ్చింది. ఎడమచేత్తో గంటను ఎత్తి, పురికొసను పళ్లతో కొరికి నన్ను రొండిన దోపుకుంది. తర్వాత పలుపు విప్పింది. గేదె ఆమె బోడితల ఒకసారి వాసన చూసి, చప్పుడు లేకుండా చేల వైపు పోయింది.

"ఏమ్మే, గంట ఇనపల్యా. ఎనుము యాడుంది?" అరుగు మీద నుంచి కేక.

"పండుకునింది," అంది సుంకమ్మ.

ఆమె ఒంటికి ఆనుకుని మళ్లీ వెచ్చబడ్డాను. ఈసారి ఏ ఎముకనూ పట్టుకుని లేను.