వీపు మీద మొహం

సుద్దముక్క అరిగి గోరంత మిగిలింది. మోటారు మావయ్య తన నల్లకోటును గచ్చు మీద బోర్లా పరిచి, దాని వీపు మీద రెండు గుడ్లు, ఒక బుంగమూతి గీశాడు. కాసేపు తల వంచి చూసుకుని, మూతి చెరిపేసి, జానెడు నాలుక బయట పెట్టించాడు. ఇవాళ ఆ మొహాన్ని చూస్తూ కొండెక్కబోయేది సాక్షాత్తూ మేనకోడలు. ఆ మాత్రం మర్యాద చెయ్యకపోతే బాగుండదు.

ఆయన పని సైకిల్ జట్టుకు ముందు మోటారుసైకిల్ నడపడం. బండి వెనక ఒక ఇనుప రోలరు బిగించి ఉంటుంది. తొక్కేవాళ్లు తమ ముందుచక్రాన్ని దానికి ఆనీ ఆననట్టు ఉంచి, ఆయన చాటున గాలి తప్పించుకుంటూ వస్తారు. పాతికేళ్లుగా లోకం చూసింది ఆయన వీపునే. అందుకే రోజుకో మొహం గీస్తాడు. "అసలుదాని కన్నా అదే నయం" అంటుంది భార్య.

కొండమీది విడిదిలో ఆయన వేషాలకు అంతులేదు. మొన్న మొహానికి పిండి పూసుకుని, నడవలో కట్టెలా పడుకున్నాడు. జట్టు డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చి నాడి పట్టుకుంటే ఒక కన్ను తెరిచి, "ఉందా అమ్మా?" అని అడిగాడు. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

ఆవిడే ఇవాళ పొద్దున అందరినీ నిలబెట్టి చెప్పింది. "పొద్దున్నే తాజా కాళ్లతో అందరూ పులులే. నాలుగు గంటలు తొక్కి నలిగాక ఎంత మిగులుతుందో, నాకు అది కావాలి. మూడు వారాలుగా ఈ పల్చటి గాలిలో పడుకున్నారు. రక్తం దానికి అలవాటు పడిందో లేదో కొండే చెబుతుంది. రోజుకొకరు. వంతెన దగ్గర్నుంచి పైన మైలురాయి దాకా రోలరు వదలనివాళ్లే పెద్ద పోటీకి." తర్వాత మావయ్య వైపు తిరిగింది. "వేగం ముల్లు కదలకూడదు."

"కదలదమ్మా."

బండికి అద్దాలు లేవు. హ్యాండిల్ మీద రెండు బొక్కలు మాత్రం ఉన్నాయి. ఒకప్పుడు అద్దాలు ఉండేవి. ఇదే ఎక్కుడులో ఆ అద్దంలో బామ్మర్ది మొహం కనిపించింది. ఈ పిల్ల తండ్రి. పెదాలు నీలంగా తిరిగాయి. నోరు తెరిచి అడగలేదు, ఊరికే చూశాడు. యాక్సిలరేటరు మీద మావయ్య చెయ్యి దానంతటదే వెంట్రుకవాసి సడలింది, బండి నెమ్మదించింది. ఎవరూ గమనించలేదు. బామ్మర్ది నెగ్గాడు, పెద్ద పోటీకి వెళ్లాడు. అయిదో గంటలో, చివరి కొండ దిగుతూ, బ్రేకు పట్టే సత్తువ వేళ్లలో లేక లోయలోకి పోయాడు.

ఆ సాయంత్రమే అద్దాలు ఊడదీశాడు. అప్పట్నుంచీ ఈ ఎక్కుడులో వెనక ఎవరు తొక్కుతున్నా, ఇంకొకరి ఊపిరి కూడా వినబడుతుంది. చివర సన్నగా ఈల వేసే ఊపిరి. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకో వేషం అంటారు.

వంతెన దాటేసరికి నాలుగు గంటల తొక్కుడు అయిపోయింది. పొద్దున్నుంచీ ఎవరో రొమ్ము మీద మోకాలు పెట్టి కూర్చున్నట్టుంది మావయ్యకు. పల్చటి గాలిదే తప్పని సర్దుకున్నాడు. వెనక రోలరు గిర్రుమంది.

"ఏం కోడలా, నాలుక నచ్చిందా?"

"నీ... కన్నా... అందంగానే ఉంది."

మలుపు తర్వాత మలుపు. ఆమె మాటలు ఆగిపోయాయి. ఊపిరి ముక్కలవుతోంది. దాని పక్కనే ఈల కూడా మొదలైంది.

"మావయ్యా... కాస్త."

ఆయన పిడికిలి బిగించాడు.

"ఒక్క మలుపు... మావయ్యా."

ముల్లు కదల్లేదు. రోలరు చప్పుడు తగ్గింది, తెగింది, ఆగింది. పిల్ల వెనకబడిపోయింది. ఈల మాత్రం వీపుకు ఆనుకునే వస్తోంది.

"నువ్వూ అడక్కురా బామ్మర్దీ," అన్నాడు ముందుకే చూస్తూ.

పైన మైలురాయి దగ్గర బండి ఆపేసరికి ఈల కూడా ఆగింది. ఒళ్లంతా చెమట. కోటు విప్పి రాయికి తొడిగి, పక్కనే చతికిలబడ్డాడు. చాలాసేపటికి పిల్ల వచ్చింది. సైకిల్ పడేసి, ఎదురుగా నిలబడింది.

"కాస్త తగ్గిస్తే నీ సొమ్మేం పోయేది?"

"వచ్చే ఏడూ ఇదే కొండ," అన్నాడు మెల్లగా. "నువ్వూ ఉంటావు."

"మా నాన్నయితే రోలరు వదల్లేదు. అందరూ చెబుతారు."

ఆయన ఏదో అనబోయి, రాయికి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

పిల్ల అటు తిరిగి నిలబడి కళ్లు తుడుచుకుంది. జట్టువాళ్లు తనను ఏమేమి అంటారో అన్నీ ఆయన మీదే దులిపింది. బదులు రాలేదు.

"నాటకాలు చాలు, లే. ఈసారి డాక్టరమ్మ నాడి పట్టదు."

ఒక కన్ను తెరుస్తాడని నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. తెరవలేదు. పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. భుజం మెత్తగా ఒరిగింది.

వెనక జీపు వచ్చి ఆగింది. డాక్టరమ్మ దిగి, మణికట్టు పట్టుకుంది. పట్టుకునే ఉంది. ఇద్దరూ ఆయన నోటివైపే చూశారు. ఆయన "ఉందా అమ్మా?" అని అడగలేదు.

రాయి మీద కోటు గాలికి ఉబ్బి, కింద నుంచి ఎక్కివచ్చే ఖాళీ రోడ్డు వైపు నాలుక చాపి చూస్తూనే ఉంది.