అన్న బరువు

నిబాల్డో వంటగది తలుపు గడియకు రబ్బరు పట్టీ తగిలించి ఛాతీకేసి లాగేవాడు. తరువాత దాన్నే పాదం కింద తొక్కిపట్టి భుజం మీదుగా పైకెత్తేవాడు. అన్న కూతురు ఇచ్చిన పట్టీలలో పసుపుది మెత్తన, నల్లది మొండి. పసుపుతో మొదలుపెట్టి, చలికాలం ముగిసేసరికి అంతకంటే గట్టిదైన ఎర్రదానికి వచ్చాడు. ఈ వయసులో కండలెందుకని పొరుగువారు అడిగితే, కీళ్లనొప్పులకని బొంకేవాడు.

నిజం పక్కగదిలో మంచం పట్టి ఉంది. అన్న ఎలియుతేరియోకు కాలేయ కేన్సర్, వైద్యులు చేతులెత్తేశారు. చిలీలోని వాల్పరైసో కొండమీది ఆ ఇంటికి బండి రాదు. పోయినవారిని శవపెట్టెలో ఉంచి మెట్ల మీదుగా కింది వీధిదాకా ఇంటి మగవాళ్లే భుజాలపై దించాలి. తల్లిని దించిన రోజు నిబాల్డో భుజం సగం దారిలో లొంగిపోయింది. కూలికి వచ్చిన మనిషెవరో అతని చోటు తీసుకున్నాడు. ఓడరేవులో బస్తాలు మోసిన అన్నది ఏనుగులాంటి ఒళ్లు. అతణ్ణి పరాయి భుజానికి వదలకూడదని నిబాల్డో పట్టుదల. అయితే, బతికున్నవాడి చావుకు సిద్ధపడడం ప్రేమా, తొందరా? ఆ ప్రశ్నతోనే తలుపు మూసుకుని లాగేవాడు.

రబ్బరు కీచుమనే చప్పుడు గోడ దాటింది. ఒక మధ్యాహ్నం టీలో ముంచిన రొట్టె నోటికందిస్తే అన్న మొహం తిప్పుకున్నాడు.

"ఎవరికోసంరా ఈ కుస్తీ?"

నిబాల్డో కీళ్ల మాట ఎత్తాడు.

"నా దగ్గరా అబద్ధాలు? అమ్మని సగం మెట్లమీద వదిలేసినోడివి. నన్నూ జారవిడిచావంటే పెట్టెలోంచి లేచొచ్చి తంతాను. తే, ఆ తాడేదో నేనూ చూస్తా."

తెచ్చాడు. అన్న ఒక కొస గుప్పిటికి చుట్టుకుని, రెండోది లాగమన్నాడు. రబ్బరు గుణం ఒక్కటే: ఎంత లాగితే అంత ఎదురు లాగుతుంది. కాని నిబాల్డో చేయి కాస్త కదిలీ కదలకముందే అన్న చేయి పరుపు మీంచి తేలి వచ్చేసింది. పట్టీ ఇంకా సాగనే లేదు. నిబాల్డో వెంటనే బిగువు సడలించి, పళ్లు బిగబట్టి, తన వల్ల కానట్టు రొప్పాడు.

"చూశావా," అన్నాడు అన్న కళ్లు మూసుకుని, "నువ్వింకా చాలా లాగాలి."

మరునాడు నిబాల్డో నల్ల పట్టీ బయటికి తీశాడు. దాని అవసరం లేదని తెలిసే తీశాడు.

వేసవి మొదట్లో ఎలియుతేరియో పోయాడు. పెట్టెకు ముందు కుడివైపున నిబాల్డో నిలిచాడు. దిగుతున్నంతసేపూ, భుజం కూడగట్టుకున్న బలమంతా బరువు కోసం ఎదురుచూసింది. తల్లి దగ్గర ఓడిపోయిన మలుపు వచ్చింది; దాటిపోయింది. బరువు మాత్రం రాలేదు.

వెనకనుంచి అన్న అల్లుడు పిలిచాడు.

"చిన్నమామా, అలిసిపోతే చెప్పు. నేను చోటు మారతా."

"వద్దు," అన్నాడు నిబాల్డో. "మెల్లగా దిగు నాయనా. చాలా బరువున్నాడు."